రువో బఫూను ముఖం: కాగితం మీద ముద్రణ ప్రతి, బెంగళూరులో దానికి పటం కట్టించిన తీరు

ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ రువో రాగి పలకల మీద చేసిన ‘మిజెరెరె’ చిత్రమాలలో ఎనిమిదవది ఒక సర్కస్ బఫూను ముఖం. దాని ప్రతిని బెంగళూరులోని ఒక డిజిటల్ ముద్రణశాలలో నూలు కాగితం మీద తీయించి, మల్లేశ్వరం వైపు ఉన్న ఒక చిన్న దుకాణంలో పటం కట్టించి, ఇంట్లో గోడకు తగిలించి కొన్ని నెలలయింది. ఒక వానాకాలం కూడా గడిచింది కనుక ఇప్పుడు రెండు పనుల మీదా అభిప్రాయం చెప్పవచ్చుననిపిస్తోంది. ముద్రణకు నేను మంచి మార్కులే వేస్తాను. పటం విషయంలో చెక్క పనికి పూర్తి మార్కులు, కాగితాన్ని లోపల నిలబెట్టిన పద్ధతికి మొదటిసారి సున్నా, రెండోసారి సంతృప్తికరం. నలుపు తెలుపు బొమ్మే కదా, ఏ యంత్రం మీద తీసినా ఒకటేనని చాలామంది అనుకుంటారు. రంగుల బొమ్మలో ఒక చోట దొర్లిన లోపాన్ని పక్కనున్న రంగు కప్పిపుచ్చగలదు గాని, నలుపు తెలుపులో లోపానికి తలదాచుకునే చోటు ఉండదు. అందువల్ల ఇటువంటి బొమ్మకు కాగితం, సిరా, గాజు మూడూ రంగుల బొమ్మకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఎంచుకోవలసి ఉంటుంది.

కొనబోయేవారు మూలం ఎలాంటిదో తెలుసుకోకపోతే ప్రతి బాగుందో లేదో తేల్చలేరు కాబట్టి దాని సంగతి కొంత వివరంగా చెప్పాలి. రువో 1871 మే 27న పారిస్‌లో పుట్టాడు. అది పారిస్ కమ్యూన్ అనే ప్రజా తిరుగుబాటు చివరి వారం, వీధుల్లో ఫిరంగులు మోగుతున్న సమయం; కుటుంబం నేలమాళిగలో తలదాచుకుని ఉండగా కాన్పు జరిగిందని చెబుతారు. తండ్రి కొయ్య సామాను చేసే పనివాడు. కుర్రవాడు పద్నాలుగో ఏట పాత చర్చిల రంగుటద్దాల కిటికీలను బాగుచేసే వారి దగ్గర పనికి చేరాడు. ఆ కిటికీల్లో గాజు ముక్కలను పట్టి ఉంచేవి సీసపు పట్టీలు. వెలుతురుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు ఆ పట్టీలు మందమైన నల్ల గీతలుగా కనబడతాయి. రువో తర్వాత జీవితమంతా మనుషుల ముఖాల చుట్టూ గీసిన నల్లని సరిహద్దుకు మూలం ఆ పనిలో ఉందని విమర్శకులు అనేది నమ్మదగిన మాటే. చిత్రకళాశాలలో, అక్కడ పాఠం చెప్పే చిత్రకారుడు గుస్తావ్ మొరోకు ప్రియశిష్యుడయ్యాడు. తర్వాత ప్రసిద్ధ చిత్రకారుడైన మతీస్ అతని సహాధ్యాయి. 1898లో మొరో మరణించాక గురువు ఇంటినే మ్యూజియం చేస్తే దానికి మొదటి పర్యవేక్షకుడు రువోయే. న్యాయమూర్తులు, వేశ్యలు, సర్కస్ మనుషులు, క్రీస్తు, ఈ నలుగురి చుట్టూనే అతని చిత్రకళ దాదాపు మొత్తం తిరిగింది.

1912లో తండ్రి చనిపోయిన తర్వాత నల్ల సిరాతో వేయడం మొదలుపెట్టిన బొమ్మలు, 1914లో వచ్చిన యుద్ధంతో పెరిగి పెద్దవై ఈ చిత్రమాల అయ్యాయి. అంబ్రోజ్ వొలార్ అనే ప్రసిద్ధ చిత్రవ్యాపారి దీన్ని ‘మిజెరెరె’, ‘యుద్ధం’ అనే రెండు సంపుటాలుగా, ఒక్కొక్కదానిలో 50 పలకలతో, రచయిత ఆంద్రే సువారెస్ రాసే పాఠంతో తేవాలనుకున్నాడు. పాఠం రాలేదు, పలకలు 58 వద్ద ఆగాయి. 1922 నుంచి 1927 వరకు ముద్రణ జరిగినా ప్రచురణ మాత్రం సాగుతూనే పోయింది. 1939లో వొలార్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు, ఆపైన రెండో ప్రపంచ యుద్ధం, ఆపైన వారసులతో న్యాయస్థానంలో తగాదా. చివరికి 1948లో ‘మిజెరెరె’ వెలుగు చూసింది. అమ్మకానికి 425 ప్రతులు, అమ్మకానికి కానివి 25, అంతే. తగాదాలో గెలిచి తిరిగి తెచ్చుకున్న అసంపూర్ణ చిత్రాల్లో మూడు వందలకు పైగా, ఇక తాను పూర్తి చేయలేనని, అదే ఏడాది సాక్షుల ఎదుట తగలబెట్టిన మనిషి రువో. తన చేతి నుంచి బయటికి వెళ్ళే వస్తువు ఎలా ఉండాలన్న విషయంలో అంత పట్టుదల ఉన్నవాడి బొమ్మను మనం ఏ ప్లాస్టిక్ బట్ట మీదనో వేయించి సోఫా వెనుక తగిలిస్తే ఏమనేవాడోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

చిత్రమాల పేరు కీర్తనల గ్రంథంలోని 51వ కీర్తన నుంచి వచ్చింది. దేవా నన్ను కరుణించు అనే ఆ ప్రార్థన మన చర్చిల్లోనూ వినబడేదే. అయితే పలకలన్నీ మతపరమైనవి కావు. బిచ్చగాళ్ళు, ఖైదీలు, పై పేటల దొరసాని, యుద్ధాన్ని ద్వేషించే తల్లులు, అస్థిపంజరాలు అన్నీ ఉన్నాయి. నలభై ఆరవ పలక కింద రువో ఉంచిన వాక్యం చదివితే తెలుగువారికి పాత చుట్టం ఎదురైనట్టు ఉంటుంది: సజ్జనుడు మంచిగంధపు చెట్టు వంటివాడట, తనను నరికిన గొడ్డలికే పరిమళం అంటిస్తాడట. ఈ మాట సంస్కృత సుభాషితంగా మన పాఠాల్లో చదివినవాళ్ళం. నేను మాత్రం ఎనిమిదవ పలకనే ఎంచుకున్నాను. ముఖానికి రంగు పూసుకోనివారెవరు అని దాని శీర్షిక. తలా భుజాలూ పలక నిండా పరుచుకున్న ఒక బఫూను. కళ్ళ చుట్టూ, ముక్కు వెంట, దవడ కింద వేలెడు మందాన నల్ల గీతలు. నవ్వించడం వృత్తిగా ఉన్నవాడి ముఖంలో నవ్వన్నది మచ్చుకైనా లేదు. సురభి నాటకాల్లోనో తోలుబొమ్మలాటలోనో తెర వెనక వేషగాళ్ళను చూసినవారికి ఈ ముఖాన్ని విడిగా పరిచయం చేయనక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ఆ నలుపు ఎలా తయారైందన్న దానికి వస్తాను. రువో కుంచెతో వేసిన సిరా బొమ్మలను వొలార్ ఫోటో పద్ధతిలో రాగి పలకల మీదికి ఎక్కించాడు. అలా వచ్చిన ఫలితం రువోకు నచ్చలేదు. ఆ పలకల మీద మళ్ళీ తానే కూర్చుని చెక్కుడు ఉలి, గీసే సూది, గీకుడు కత్తి, సానబెట్టే పనిముట్టు, ఆమ్లం, ఆక్వాటింట్ అనే పద్ధతి, ఏది చేతికందితే దానితో ఏళ్ళ తరబడి పనిచేశాడు. కొన్ని పలకలు 12 నుంచి 15 దశల దాకా మారాయి. ఆక్వాటింట్‌లో రాగి మీద గుగ్గిలం పొడి చల్లి వేడి చేసి ఆమ్లంలో ముంచుతారు; పొడి రేణువుల మధ్య ఆమ్లం కొరికిన సందుల్లో సిరా నిలిచి, కాగితం మీద సన్నని గరుకు బూడిదరంగు వస్తుంది. దానిని గీకి నునుపు చేసిన చోట తెలుపు తిరిగి వస్తుంది. అంటే బఫూను చెంప మీద మనం చూస్తున్న తెలుపులో చాలా భాగం ముట్టుకోని కాగితం కాదు, నలుపులోంచి గీకి తీసిన వెలుతురు. దాని మీద పనిముట్టు జారిన గీతలు, ఆమ్లం మరకలు మిగిలిపోయి ఉంటాయి. నలుపు కూడా ఒకే నలుపు కాదు. కట్టెల పొయ్యి ఉన్న పాత వంటింటి గోడలా పొరలు పొరలుగా, ఒక చోట మసి, ఒక చోట పొగ, ఒక చోట జిడ్డు మెరుపుగా ఉంటుంది.

ఈ సంగతి తెలిస్తే ముద్రణ ప్రతిని పరీక్షించే పద్ధతి తనంతట తానే దొరుకుతుంది. నల్లటి చోట్లనూ తెల్లటి చోట్లనూ వదిలేసి, ఆ రెండింటి నడుమ బూడిదరంగు ఎన్ని మెట్లలో ఉందో చూడాలి. ఆన్‌లైన్‌లో పోస్టరుగా అమ్ముడయ్యే చవక ప్రతుల్లో ఈ మెట్లు కూలిపోయి ఉంటాయి. స్కానులో వెలుగు నీడల తేడాను పెంచి ‘డ్రమటిక్’గా చేస్తారు కాబోలు, చెంప మొత్తం సున్నం కొట్టినట్టు తెల్లగా, నేపథ్యం తారు పూసినట్టు నల్లగా వస్తుంది. దూరం నుంచి ఆకట్టుకుంటుంది. దగ్గరికి వెళితే అందులో రువో ఉండడు, రువో బొమ్మ అచ్చు మాత్రమే ఉంటుంది.

మా ముద్రణశాల వారు మొదట కాన్వాసు మీద తీయించుకోమన్నారు. బెంగళూరులో కొత్త ఫ్లాట్ల యజమానులు ఎక్కువగా అదే అడుగుతారట. గాజు అవసరం లేదు, తేలికగా ఉంటుంది, చూడటానికి ‘పెయింటింగ్’లా ఉంటుంది. ఈ బొమ్మకు మాత్రం కాన్వాసు అసలు పనికిరాదు. మూలమే కాగితం మీది ముద్రణ. దాని ప్రాణం సన్నని గీతల్లోనూ గరుకులోనూ ఉంది. కాన్వాసు నేతలోని పోగుల గళ్ళు సరిగ్గా ఆ గీతల పరిమాణంలోనే ఉండి, రెండూ కలిసి కంటికి గజిబిజి చేస్తాయి. అరచేతి వెడల్పు నమూనా ముక్క ఒకటి కాన్వాసు మీద, ఒకటి మెరుపు లేని నూలు కాగితం మీద తీయించి పక్కపక్కన పెడితే ఇక వాదించవలసిన పని లేకపోయింది. నమూనా ముక్కకు విడిగా చిన్న మొత్తం తీసుకుంటారు, ఆ డబ్బు దండగ కాదు. ఫోను తెర మీద చూసి ఒప్పుకోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

ఎంచుకున్న కాగితం 310 జీఎస్ఎం (చదరపు మీటరుకు 310 గ్రాముల) బరువున్న నూలు కాగితం, కాస్త పాలమీగడ తెలుపు. యంత్రం నల్ల సిరాతో పాటు బూడిదరంగు, లేత బూడిదరంగు సిరాలు విడిగా వాడే రకం. ఈ ప్రశ్న మాత్రం తప్పక అడగాలి. బూడిదరంగు సిరాలు లేని యంత్రం నీలం, ఎరుపు, పసుపు సిరాలను కలిపి బూడిదరంగు పుట్టిస్తుంది. పగటి వెలుతురులో మామూలుగానే కనబడిన బొమ్మ రాత్రి ఎల్ఈడీ బల్బు కింద ఆకుపచ్చగానో గులాబీగానో తిరుగుతుంది. మా ప్రతిలో ఆ తిరుగుడు లేదు. మెరుపు కాగితం మీద ఇంతకన్నా లోతైన నలుపు వస్తుందని ముద్రణశాలవారు చెప్పింది కొలత ప్రకారం నిజమే. కానీ 1948లో వెలువడిన మూలం ఆర్ష్ అనే మెరుపు లేని ఫ్రెంచి కాగితం మీద ఉంది. దాని నలుపు కాంతిని మింగుతుందే తప్ప తిరిగి కొట్టదు. లోతు కొంచెం తగ్గినా స్వభావం కలిసే కాగితమే నాకు సరైనదనిపించింది. బఫూను కుడి ఎడమల నేపథ్యంలో, పూర్తిగా నలుపనుకునే చోట, తల ఎక్కడ ముగిసిందో చెప్పే ఒక నల్ల గీత ఇంకా విడిగా కనబడుతోంది. దాన్ని నిలబెట్టగలిగినందుకు ముద్రణశాలను మెచ్చుకోవాలి. లోపం వెతకాలంటే స్కానులో ఉంది: గీకిన చోట్ల అంచులను కంప్యూటరులో పదును పెట్టినట్టున్నారు, అరడుగు దూరంలోంచి చూస్తే గీత పక్కన సన్నని తెల్లని నీడ కనిపిస్తుంది. మూడడుగుల దూరంలో అది మాయమవుతుంది.

సైజు విషయంలో చాలామంది ఆలోచించకుండా ఏ2 (సుమారు 59, 42 సెంటీమీటర్ల కాగితం) అడుగుతారు. రువో పలక సుమారు 57 సెంటీమీటర్ల ఎత్తు, 43 వెడల్పు. కాగితం సుమారు 65, 50. అంటే బొమ్మే దాదాపు ఏ2 అంత ఉంటుంది, చుట్టూ తెల్ల అంచు దానికి అదనం. ఏ2 కాగితం మీద అంచు వదిలి తీస్తే బొమ్మ కుదించుకుపోతుంది, అంచు వదలకపోతే పటం చట్రం బొమ్మనే కొరుకుతుంది. 50, 65 సెంటీమీటర్ల కాగితం మీద అసలు కొలతకే తీయమని అడిగితే ధర తేడా పెద్దగా లేదు. ముఖం మనిషి ముఖం కన్నా పెద్దదిగా ఉండటం ఈ బొమ్మ ప్రభావంలో భాగం కనుక ఇక్కడ పొదుపు చేయకూడదు. మూడు అడుగులకు పెంచి హాలులో తగిలించుకునేవారూ ఉన్నారు. అప్పుడు స్కాను బలం చాలక గరుకు కాస్తా మసక అవుతుంది. కాపీరైటు చట్టం గురించి అనుమానం ఉన్నవారికి ఒక మాట: మన దేశంలో కళాకారుడు మరణించాక 60 ఏళ్ళకు హక్కుల గడువు తీరుతుంది, రువో 1958లో మరణించాడు కనుక 2018తో అది ముగిసింది. ఫ్రాన్సులో గడువు 70 ఏళ్ళు.

ఇక పటం. మల్లేశ్వరం, చిక్కపేట, అవెన్యూ రోడ్డు ప్రాంతాల్లో పటాలు కట్టే దుకాణాలు ప్రధానంగా దేవుడి పటాల మీద, పెళ్ళి ఫోటోల మీద బతుకుతాయి. నేను వెళ్ళిన దుకాణం యజమాని మదనపల్లె వైపు మనిషి. గోడ నిండా ఏడుకొండలవాడు, గజలక్ష్మి, తాతల కాలం ఫోటోలు. మా చుట్ట విప్పి బల్ల మీద పరవగానే ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చాలాసేపు చూసి, “సార్, ఇది బొగ్గుతో గీసినారా?” అన్నారు. రాగి పలక మీద చెక్కి అచ్చు వేసిందానికి ఇది ప్రతి అని చెప్పాను. “అట్లయితే దీనికి బంగారు పట్టీ వద్దు సార్, నల్లది కూడా వద్దు. బొమ్మలో ఉండే నలుపు చిన్నబోతాది” అన్నారాయన. నేను నల్ల చట్రమే అనుకుని వెళ్ళినవాడిని. ఆయన చూపించిన ముదురు టేకు రంగు పట్టీని బొమ్మ పక్కన పెట్టగానే ఆ సలహాలోని విలువ తెలిసింది. చట్రం కూడా నల్లదైతే రెండు నలుపులు పోటీపడి బొమ్మ నలుపే ఓడిపోతుంది. మూలల్లో నలభై ఐదు డిగ్రీల కోత ఎక్కడా వెంట్రుక దూరేంత సందు లేకుండా కలిసింది. కొయ్య పనిలో ఆయనకు వంక పెట్టేవారు ఉండరు.

బొమ్మకూ చట్రానికీ మధ్య వచ్చే మౌంట్ బోర్డు కూడా ఆయనతో మాట్లాడుకునే తెచ్చుకున్నాం. దుకాణంలో ఉన్నది పాల తెలుపు బోర్డు. దాని పక్కన మా నూలు కాగితం పసుపు పట్టినట్టు కనిపించింది. కాగితం తెలుపుకు దగ్గరగా ఉన్న, ఆమ్లం లేని బోర్డు తెప్పించమంటే కొన్ని రోజులు ఆగవలసి వచ్చింది. మామూలు బోర్డులోని ఆమ్లం వల్ల కొన్నేళ్ళకు కోత అంచు వెంట గోధుమరంగు గీత పడుతుంది, ఆ మరక కాగితానికీ పాకుతుంది. పాత పెళ్ళి ఫోటోలు పటంలోంచి తీసినప్పుడు చుట్టూ కనబడే గోధుమరంగు అంచు అదే.

పని చెడింది ఆ తర్వాత. కాగితాన్ని పై అంచున రెండు చోట్ల మాత్రమే పట్టించాలని ముందే చెప్పాను. దుకాణంలోని కుర్రవాడు అలవాటు ప్రకారం నాలుగు అంచులకూ రెండు వైపులా జిగురుండే టేపు వేసి బోర్డుకు బిగించాడు. కొత్తలో ఏమీ తెలియలేదు. జూన్ వానలు మొదలయ్యాక కాగితం మధ్యలో అలలు లేచాయి. నూలు కాగితం గాలిలోని తేమను పీల్చి వ్యాకోచిస్తుంది. అంచులు కదలనీయకుండా బిగించేస్తే పెరిగిన కాగితానికి మధ్యలో ఉబ్బడం తప్ప దారి ఉండదు. పక్క నుంచి వెలుతురు పడినప్పుడు బఫూను చెంప మీద లేని ముడతలు కనబడసాగాయి. దుకాణానికి తీసుకువెళ్ళి చూపిస్తే యజమాని వాదించలేదు. కుర్రవాడి వైపు తిరిగి, “ఏం రా, సార్ చెప్పింది వినలేదా?” అని, తానే కూర్చుని టేపును వెనక నుంచి వేడి గాలితో మెత్తబరిచి ఊడదీసి, పై అంచున రెండు కాగితపు పట్టీలతో వేలాడేటట్టు మళ్ళీ కట్టారు. డబ్బు తీసుకోలేదు. కాగితం అంచున జిగురు జాడ కొంత మిగిలింది, మౌంట్ బోర్డు దాన్ని కప్పేసింది. ఆ తర్వాత మిగిలిన వానాకాలమంతా అలలు రాలేదు. కట్టించుకునేవారు ఈ మాట నోటితో చెప్పి ఊరుకోకుండా బిల్లు మీద రాయించుకోవడం, పటం మూసే ముందు వెనక వైపు చూపించమనడం మంచిది. కాగితాన్ని మొత్తంగా సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ పలక మీద అతికించేస్తామని కొన్ని దుకాణాలు అంటాయి. అలా చేస్తే అలలు రావు నిజమే గాని, ఆ కాగితాన్ని ఇక ఎప్పటికీ విడదీయలేరు.

గాజు దగ్గర మాత్రం తటపటాయించాను, ఇప్పటికీ పూర్తిగా తృప్తి లేదు. మామూలు గాజు తన రెండు ముఖాల నుంచి కలిపి సుమారు 8 శాతం వెలుతురును తిరిగి కొడుతుంది. మెరుపు లేని కాగితం మీది అతి లోతైన నలుపు తిరిగి కొట్టేది 2, 3 శాతం మాత్రమే. అంటే ఎదుటి కిటికీ కాంతి గాజు మీద పడితే బొమ్మలోని నలుపు కన్నా గాజులోని కిటికీయే ఎక్కువ ప్రకాశిస్తుంది. పువ్వుల బొమ్మకు ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు గాని, సగం పైగా చీకటి ఉన్న బొమ్మ ముందు నిలబడితే బఫూను ముఖంలో మన ముఖమే కనబడుతుంది. ఈ శీర్షికకు అది తగినదేనని ఎవరైనా చమత్కరించవచ్చు. రోజూ చూసేవారికి మాత్రం విసుగు. మసక గాజు అని దుకాణాల్లో చూపించేది దీనికి మందు కాదు. దాని గరుకు ఉపరితలం ప్రతిబింబాన్ని చెదరగొట్టి బొమ్మ అంతటా పలుచని పొగలా పరుస్తుంది, నలుపు కాస్తా బూడిదరంగవుతుంది. మౌంట్ బోర్డు మందం వల్ల గాజు కాగితానికి దూరంగా ఉన్నప్పుడు గీతలు కూడా అలుక్కుపోతాయి. ప్రతిబింబాన్ని 1 శాతం కన్నా తగ్గించే ప్రత్యేకమైన పూత గాజు ఉంది, మ్యూజియంలలో వాడేది. నాకు చెప్పిన ధర మామూలు గాజుకు పది రెట్ల పైమాటే, ముద్రణ ఖర్చును కూడా మించిపోయింది. చివరికి మామూలు గాజే వేయించి, కిటికీకి ఎదురు గోడ మీద కాక కిటికీ ఉన్న గోడకు పక్క గోడ మీద పటం తగిలించి, ట్యూబ్‌లైటు మార్చి పై నుంచి వాలుగా పడే చిన్న దీపం పెట్టుకున్నాం. ముక్కాలు వంతు ఇబ్బంది తీరింది. డబ్బుకు వెనకాడని వారు చట్రం మీద తగ్గించి అయినా ఆ గాజుకు ఖర్చు పెట్టవచ్చు.

ఎక్కడ తగిలించాలన్నది కూడా చిన్న విషయం కాదు. భారత యుద్ధం బొమ్మ ఇంట్లో పెట్టకూడదని, ఏడుపు ముఖాలు గోడకు ఉండకూడదని నమ్మే ఇళ్ళే మనలో ఎక్కువ. మా అత్తగారు వచ్చినప్పుడు పటం ముందు కాసేపు నిలబడి, “ఇంత పెట్టి కట్టించినారు, కాస్త నవ్వు ముఖం దొరకలేదా బాబూ” అన్నారు. హాలులోంచి చదువుకునే గదికి మార్చాక ఆవిడా సర్దుకున్నారు, వెలుతురు కూడా అక్కడే కుదిరింది. ‘మిజెరెరె’లో ఇంటికి పనికివచ్చే పలకలు నిజంగానే కొన్నే, పుర్రెలు ఉన్నవాటిని పుస్తకంలో చూసుకోవడమే మేలు.

ధరల సంగతి. ముద్రణ మూడు వేల రూపాయల లోపు, చట్రం, బోర్డు, మామూలు గాజు కలిపి దానికి కొంచెం పైన పడ్డాయి. ముద్రణశాల చుట్టను గట్టి గొట్టంలో, లోపల పలుచని కాగితంతో పంపింది. మెరుపు లేని నల్ల సిరా మీద వేలి గోరు తగిలినా తెల్ల గీత పడుతుంది కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టుకోనివ్వకూడదు. మా దుకాణంలో ఆ పట్టింపు లేదు, నేనే నూలు తొడుగులు తీసుకువెళ్ళి ఇచ్చాను.

రువో ‘అసలు’ ముద్రణ తక్కువ ధరకు ఇస్తామనే ప్రకటనలు ఆన్‌లైన్‌లో అప్పుడప్పుడు ఎదురవుతాయి. 1948 సంపుటాల్లో చాలావాటిని విడదీసి పలకలను విడివిడిగా అమ్మిన మాట నిజం, కాబట్టి అసలువి దొరకవని కాదు. వాటి కాగితంలో వొలార్ పేరు నీటిగుర్తుగా, అంటే వెలుతురుకు పట్టి చూస్తే కనబడే గుర్తుగా ఉంటుంది. చాలా పలకల్లో రువో పేరులోని మొదటి అక్షరాలు, సంవత్సరం పలకలోనే చెక్కి ఉంటాయి. చేతి సంతకం ఉందని ఊరించే ముద్రణల విషయంలో అనుమానం ఉంచుకోవడం మంచిది. తర్వాతి కాలంలో చిన్న సైజులో వచ్చిన పుస్తకాల పుటలను చింపి పటం కట్టి అమ్మేవారూ ఉన్నారు. కొలత టేపు ఒక్కటి చాలు, వాటిని పట్టుకోవడానికి.

ఇంత డబ్బూ ప్రతికి ఎందుకు, ఇదే మొత్తంతో అసలు ముద్రణ ఏదైనా కొనుక్కోవచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పారిస్‌లో ముద్రణకళకు పేరు తెచ్చిన తెలుగువాడు మనకు ఉన్నాడు: చిత్తూరు ప్రాంతంలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. ఒకే పలక మీద అనేక రంగుల సిరాలను వాటి చిక్కదనంలోని తేడాతో విడివిడిగా నిలబెట్టి ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ముఖ్యుడు. ఆయన కూడా బఫూనునే ఎంచుకుని రంగుల్లో చేసిన ముద్రణలు ప్రసిద్ధం. రువో ముఖం కదలకుండా కూర్చుంటే కృష్ణారెడ్డి బఫూను సర్కస్ వలయమంతటా చెదిరి తిరుగుతాడు. తెలంగాణకు చెందిన లక్ష్మా గౌడ్ నలుపు తెలుపు ఎచింగులు (ఆమ్లంతో కొరికించిన లోహపు పలకల అచ్చులు) మరో దారి. వారి ముద్రణలు మన జేబుకు అందవు. అందేవి కుమారకృప రోడ్డులో ఉన్నాయి. కర్ణాటక చిత్రకళా పరిషత్‌లో ముద్రణకళ విభాగం ఉంది. జనవరిలో ఆ రోడ్డంతా జరిగే చిత్రసంతె అనే బొమ్మల సంతలో యువ కళాకారులు తమ ఎచింగులను, లినోలియం పలక చెక్కి తీసే లినో ముద్రణలను, చెక్క అచ్చులను స్వయంగా అమ్ముతారు. రెండు మూడు వేలకు అసలు ముద్రణే దొరుకుతుంది. కొనేటప్పుడు చూడవలసినవి: కింద పెన్సిలుతో రాసిన సంఖ్య, ఎన్ని ప్రతుల్లో ఇది ఎన్నవదో చెప్పేది, దాని పక్కన కళాకారుడి సంతకం, రాగి, జింకు పలక అయితే బొమ్మ చుట్టూ కాగితంలోకి నొక్కుకుపోయిన పలక అంచు, వేలితో తడిమితే తగిలేది. మా డిజిటల్ ప్రతిలో ఆ అంచు లేదు, ఉండదు కూడా.